పిల్లాడి చెయ్యి పట్టుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. చిన్నపిల్లల టీచరు అవుతానంటోంది. మూడు నెలల ఆన్‌లైన్ మాంటిస్సోరి (పిల్లలు వస్తువులతో సొంతంగా చేస్తూ నేర్చుకునే పద్ధతి) డిప్లొమా మంచిదా, రెండేళ్ల స్పెషల్ ఎడ్యుకేషన్ డీఎడ్ (వైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోర్సు) మంచిదా? అల్లరి పిల్లల్ని ఆపబోతే కేసులు పెడతారేమోనని టెన్షన్. మా రోజుల్లో మాస్టారు బెత్తం పట్టుకుంటేనే చదువొచ్చేది.
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ఆ బెత్తం మాట ఇంకెప్పుడూ మీ అమ్మాయి ముందు అనకండి. అది తన మనసులో నాటుకుంటే మీరు భయపడే కేసు నిజంగానే వస్తుంది. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసిస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద జైలుశిక్ష కూడా ఉంది.

కానీ కొట్టడం వేరు, ఆపడం వేరు. మన కోనసీమలో చాలా బళ్లకు గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. అటు పరిగెత్తే మూడేళ్లవాణ్ణి పట్టుకోకపోతేనే తప్పు. ఇంగ్లండులో ప్రీస్కూళ్ల నిబంధనలు కూడా ప్రమాదం తప్పించడానికి బిడ్డను పట్టుకోవచ్చనే చెబుతాయి. ఆ సంగతి రాసిపెట్టాలి, అదే రోజు తల్లిదండ్రులకు చెప్పాలి. ఇక్కడ ఎవరూ అడక్కపోయినా మీ అమ్మాయి ఈ అలవాటు చేసుకుంటే అదే తనకు రక్ష.

ఎలా పట్టుకోవాలో మాత్రం నేర్చుకోవాలి. మణికట్టు పట్టి విసురుగా లాగితే ఐదేళ్లలోపు పిల్లలకు మోచేతి దగ్గర ఎముక జారవచ్చు. బిడ్డ ఆ చెయ్యి కదపకుండా వేలాడేసుకుని ఉండిపోతాడు. ఎత్తాల్సివస్తే రెండు చంకల కిందా చేతులు వేసి ఎత్తాలి. బోర్లా పడేసి అదమకూడదు, ఛాతీ మీదా మెడ మీదా బరువు పడకూడదు, ఊపిరాడదు. శాంతించగానే వదిలెయ్యాలి. ఆకలో, నిద్రో, చప్పుడో, బిడ్డ ఎందుకు రేగుతున్నాడో ముందే కనిపెట్టగలిగితే చాలాసార్లు పట్టుకునే అవసరమే రాదు.

ఇదంతా మూడు నెలల ఆన్‌లైన్ క్లాసుల్లో వస్తుందని నాకు నమ్మకం లేదు. మాంటిస్సోరి పద్ధతి మీద గౌరవం ఉంది కాబట్టే చెబుతున్నాను: పిల్లల మధ్య కూర్చుని గమనించడం ఆ చదువుకు ప్రాణం. ఏడ్చే బిడ్డను ఒక్కసారీ ఎత్తుకోనివాళ్ల చేతిలో సర్టిఫికెట్ పెట్టేస్తున్నారు, ఫ్లెక్సీలు చూసి మీరు ఫీజు కట్టేస్తున్నారు!

డీఎడ్‌లో పిల్లలతో ప్రాక్టికల్స్ ఉంటాయి, ఆటిజం ఉన్న పిల్లల్నీ అర్థం చేసుకోవడం వస్తుంది. నా ఓటు దానికే. మీ అమ్మాయికి పిల్లలంటే ఇష్టం ఉంది, ఓపిక అదే వస్తుంది, కంగారు పడకండి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.