బాబుకు రెండు ఇన్సూరెన్సులు: ఇన్‌హేలర్ బిల్లు ముందు ఎవరికి పంపాలి?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఆస్తమా ఉన్న మా ఏడేళ్ల బాబును నా ఆఫీసు ప్లాన్‌లోనూ, మావారి ఆఫీసు ప్లాన్‌లోనూ చేర్చాం. నాది మందులకు కాపే (ప్రతిసారీ కట్టే నిర్ణీత మొత్తం) కడితే సరిపోయే ప్లాన్. మావారిది హై డిడక్టిబుల్ ప్లాన్ (ముందు పెద్ద మొత్తం, అంటే డిడక్టిబుల్, మన జేబులోంచి కట్టాకే ఇన్సూరెన్స్ కట్టేది), దాంతోపాటు హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంది. ఇన్నాళ్లూ నా కార్డు మీదే ఇన్‌హేలర్ తీసుకున్నాం. పోయిన వారం ఫార్మసీలో ఆ క్లెయిమ్ రిజెక్ట్ అయింది. ముందు వేరే ఇన్సూరెన్స్‌కి పంపాలట. మంచి ప్లాన్ నాదే కదా, దాన్నే ముందు వాడలేమా? అసలు రెండూ ఉంచుకోవాలా?

జవాబు: ముందు ఏ ప్లాన్ వాడాలో ఎంచుకునే వీలు మనకు లేదండి. తల్లిదండ్రులు కలిసి ఉంటూ పిల్లలు ఇద్దరి ప్లాన్లలోనూ ఉంటే, సాధారణంగా ‘బర్త్‌డే రూల్’ వర్తిస్తుంది. ఏడాదిలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ల ప్లాన్ ప్రైమరీ (బిల్లు ముందు దానికే), రెండోది సెకండరీ (మిగిలింది దానికి). నెల, తేదీ మాత్రమే చూస్తారు, పుట్టిన సంవత్సరంతో పని లేదు. మీ పుట్టినరోజులు మీరు రాయలేదు గానీ, క్లెయిమ్ వెనక్కి వచ్చిందంటే మీవారిదే ముందొస్తుందనుకుంటున్నాను. ఏ ప్లాన్ మంచిదన్న ప్రశ్న ఇక్కడ రాదు.

ఇక రెండు ప్లాన్లుంటే ఖర్చు సున్నా అవుతుందని చాలామంది అనుకుంటారు. మీ ఇన్‌హేలర్‌నే లెక్కేసి చూద్దాం. ధర 300 డాలర్లు, మీ ప్లాన్‌లో కాపే 40 అనుకోండి. మీవారి డిడక్టిబుల్ పూర్తి కాకముందు ప్రైమరీ ఏమీ కట్టదు. సెకండరీగా మీ ప్లాన్ 260 కడుతుంది, మీకు 40 మిగులుతుంది. డిడక్టిబుల్ పూర్తయ్యాక ప్రైమరీ 80 శాతం, అంటే 240 కట్టిందనుకోండి. మిగిలిన 60 మీ ప్లాన్ మొత్తం కట్టేస్తుందా అంటే, అది మీ ప్లాన్ రూల్‌ని బట్టి ఉంటుంది. ఆఫీసు ప్లాన్లలో ‘నాన్ డూప్లికేషన్’ అనే క్లాజ్ తరచూ కనిపిస్తుంది. అది ఉంటే, తను ఒక్కటే ఉన్నప్పుడు కట్టే 260లోంచి ప్రైమరీ కట్టిన 240 తీసేసి 20 మాత్రమే ఇస్తుంది. మీ చేతినుంచి మళ్లీ అదే 40. అంటే ఈ ఇన్‌హేలర్ వరకు రెండో ప్రీమియం కట్టి మీరు కొత్తగా పొందిందేమీ లేదు. ఆ క్లాజ్ ఉందో లేదో మీ హెచ్‌ఆర్‌ని అడిగి, ప్లాన్ డాక్యుమెంట్‌లో చూపించమనండి. ఫోన్‌లో చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

ఒక మినహాయింపు ఉంది. ఆస్తమాకి రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లకు డిడక్టిబుల్‌తో పని లేకుండా హై డిడక్టిబుల్ ప్లాన్లు డబ్బు కట్టొచ్చని 2019లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ చెప్పింది. అన్ని ప్లాన్లూ ఆ వెసులుబాటు ఇవ్వవు. మీవారి ప్లాన్ ఇస్తుందేమో కనుక్కోండి.

హెచ్‌ఎస్‌ఏ సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బాబు రెండు ప్లాన్లలో ఉన్నా మీవారి హెచ్‌ఎస్‌ఏకి ఇబ్బంది లేదు. కానీ మీవారు కూడా మీ కాపే ప్లాన్‌లో ఉన్నారా? ఉంటే ఆయన హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడానికి అర్హులు కారు. మీ ఆఫీసులో మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా) తీసుకున్నా అంతే, ఆయన అర్హత పోతుంది. ఈ రెండోది మంచి ఆడిటర్ల దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా గమనించరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పంటికి, కంటికి మాత్రమే పరిమితమైన ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఫర్వాలేదు.

బాబును మీవారి ప్లాన్‌లోంచి తీసేస్తే, అందులో ఆయన ఒక్కరే మిగిలిన పక్షంలో, 2026లో హెచ్‌ఎస్‌ఏలో వేయగల పరిమితి 8,750 డాలర్ల నుంచి 4,400కి తగ్గుతుంది. మీరు నిజంగా పూర్తి పరిమితి వేస్తుంటే, 22 శాతం స్లాబులో ఆ తేడా మీద ఆదా అయ్యే ఫెడరల్ పన్ను సుమారు 957 డాలర్లు. బాబు కోసం ఆయన జీతంలోంచి ఏడాదికి అదనంగా కోస్తున్న ప్రీమియాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ప్రీమియం అంతకంటే బాగా ఎక్కువై, మీ ప్లాన్‌లో నాన్ డూప్లికేషన్ కూడా ఉంటే, వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో (ఏటా ప్లాన్లు మార్చుకోనిచ్చే సమయంలో) బాబును మీ ఒక్క ప్లాన్‌లోనే ఉంచమని నా సలహా. ఆ క్లాజ్ లేకపోతే తొందరపడొద్దు, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే రెండో ప్లాన్ బాగా ఆదుకుంటుంది. ఏడాది మధ్యలో మాత్రం సరైన కారణం లేకుండా తీసేయనివ్వరు.

అందాకా రెండు కంపెనీలకూ ఫోన్ చేసి, బాబుకు ఇంకో ప్లాన్ ఉందనీ ఏది ప్రైమరీ అనీ రికార్డులో రాయించండి. ఫార్మసీలో రెండు కార్డులూ ఇచ్చి, వాటి మీదుండే బిన్, పీసీఎన్, గ్రూప్ నంబర్లు (క్లెయిమ్ ఎవరికి పంపాలో చెప్పేవి) ఎక్కించమనండి. కొన్ని ప్లాన్లకు మందుల కార్డు వేరుగా ఉంటుంది, అది మర్చిపోవద్దు. ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) కావాల్సిన మందైతే రెండు ప్లాన్లకూ విడివిడిగా అడగాల్సి రావొచ్చు, డాక్టర్ ఆఫీసుకి ముందే చెప్పండి. సెకండరీ క్లెయిమ్ కౌంటర్ దగ్గరే పాస్ కాకపోతే, ఫార్మసీ ఇచ్చే పూర్తి రసీదు, ప్రైమరీ పంపే ఈఓబీ (తను ఎంత కట్టిందో చెప్పే కాగితం) జతచేసి ఫారం మీద పంపొచ్చు. దానికి గడువుంటుంది, కాబట్టి రసీదులు పారేయకండి. ఇవన్నీ సర్దుకునేదాకా రీఫిల్ ఆపొద్దు. బాబు దగ్గర ఇన్‌హేలర్ అయిపోకుండా చూసుకోండి, ఎక్కువ కట్టిన డబ్బు సంగతి క్లెయిమ్ పెట్టి తర్వాత చూసుకోవచ్చు.