జీతం తీసుకుంటూ డిగ్రీ: ఇంగ్లండుకు వచ్చిన మన కుటుంబాల సందేహాలు

హనుమకొండ నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాపై కుటుంబంతో సహా ఇంగ్లండుకు వచ్చి, ఇప్పుడు నాలుగో ఏడు గడుపుతున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మాయి ఇయర్ 12లో, అంటే మన ఇంటర్ మొదటి సంవత్సరంతో పోల్చదగిన తరగతిలో ఉంది. బడిలో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గురించి చెప్పారట. అది అసలైన డిగ్రీయేనా, తమ వీసాతో అమ్మాయికి ఆ అవకాశం ఉంటుందా అన్నవి ఆయన సందేహాలు. ఊళ్లోని తాతగారు మాత్రం ఫోనులో "బిడ్డను చదివిస్తమని తీసుకపోయి పనికి పెడుతున్నరా?" అని బాధపడుతున్నారట.

ముందుగా ఆ తాతగారి బాధకు సమాధానం చెప్పాలి. మన వైపు ఐటీఐ ముగించిన పిల్లలు సింగరేణిలోనో, రామగుండం ఎన్టీపీసీలోనో, కాజీపేట రైల్వే షెడ్డులోనో స్టైపెండు మీద కొంతకాలం పని నేర్చుకోవడం మనం చూస్తూ పెరిగాం కాబట్టి, అప్రెంటిస్‌గా చేరడమంటే పై చదువుకు పోలేనివారి దారి అనే అభిప్రాయం మనలో బలంగా నాటుకుంది. ఇంగ్లండులో 2015 నుంచి అమలవుతున్న డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అలాంటిది కాదు. ఇందులో విద్యార్థి మొదటి రోజు నుంచే ఒక కంపెనీ ఉద్యోగి. అదే సమయంలో ఒక యూనివర్సిటీలో నమోదైన విద్యార్థి కూడా. చివరికి చేతికి వచ్చేది ఆ యూనివర్సిటీ ఇచ్చే పూర్తి బ్యాచిలర్స్ డిగ్రీయే. జాగ్వార్ ల్యాండ్ రోవర్, రోల్స్ రాయిస్ వంటి సంస్థలు ఇలా పిల్లలను తీసుకుంటాయి. డైసన్ సంస్థ 2017లో మామ్స్‌బరీలోని తన ఆవరణలోనే ఇందుకోసం ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థను తెరిచింది. పెద్ద కంపెనీల్లో వీటికి పోటీ ఎంత తీవ్రంగా ఉంటుందంటే, మంచి యూనివర్సిటీలో సీటు తెచ్చుకోగల పిల్లలకు కూడా ఇది ఒక్కోసారి అందదు.

ఫీజు సంగతికి వస్తే, విద్యార్థి ఒక్క పౌండు కూడా కట్టనక్కరలేదు. ఏటా జీతాల ఖర్చు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీల నుంచి ప్రభుత్వం 2017 ఏప్రిల్ నుంచి అర శాతం లెవీ (అప్రెంటిస్ శిక్షణ కోసం వేసే పన్ను) వసూలు చేస్తోంది. పెద్ద కంపెనీలు యూనివర్సిటీకి చెల్లించేది ఆ నిధి నుంచే. మామూలు దారిలో చదివే స్థానిక విద్యార్థికి 2025–26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్ల వరకు ఉంది. ఎక్కువమంది దాన్ని అప్పు తెచ్చి కడతారు. అప్రెంటిస్‌కు ఆ అప్పు ఉండదు సరికదా, జీతం వస్తుంది. చట్టప్రకారం అప్రెంటిస్ కనీస వేతనం గంటకు 2025 ఏప్రిల్ నుంచి 7.55 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 8 పౌండ్లు. డిగ్రీ స్థాయిలో చాలా కంపెనీలు అంతకన్నా మెరుగైన జీతమే ఇస్తాయి.

అయితే మన కుటుంబాలు అన్నిటికన్నా శ్రద్ధగా గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. వర్క్ వీసాపై వచ్చి ఇంకా ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) రాని తల్లిదండ్రుల పిల్లలను యూనివర్సిటీలు సాధారణంగా విదేశీ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. స్థానిక ఫీజు వర్తించదు, ప్రభుత్వ విద్యారుణం దొరకదు. ఇంజనీరింగ్ వంటి కోర్సులకు ఫీజు రెండింతలు దాటిపోతుంది. ఈ సంగతి చాలామందికి పిల్లలు దరఖాస్తు పెట్టే వేళకు గాని తెలియదు, అప్పుడు ఇంట్లో పడే ఆందోళన చెప్పనలవి కాదు. అప్రెంటిస్‌షిప్ నిధుల నియమం ఇందుకు భిన్నమైనది. చదువు కోసం కాకుండా వేరే కారణంతో ఈ దేశంలో నివసించే అనుమతి ఉండి, కోర్సు మొదలయ్యే నాటికి అంతకు ముందు మూడేళ్లుగా ఇక్కడే మామూలు నివాసం ఉన్నవారు, పని చేసే హక్కు కూడా ఉంటే, ఐఎల్ఆర్ లేకున్నా అర్హులు కావచ్చు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లకు, అంటే ఆ వీసాదారుపై ఆధారపడి వచ్చిన కుటుంబసభ్యులకు, పని హక్కు ఎలాగూ ఉంటుంది. అంటే యూనివర్సిటీ ఫీజుల నియమం మూసిన తలుపును ఈ నియమం తెరుస్తోంది. ప్రశ్న అడిగిన తండ్రికి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: మీ అమ్మాయికి ఇది రెండో రకం చదువు కాదు, ఈనాటి మీ పరిస్థితిలో ముందుగా పరిశీలించవలసిన చదువు. (ఇది ఇంగ్లండు సంగతి మాత్రమే, స్కాట్లండుకు, వేల్స్‌కు వేరే పథకాలు, వేరే నియమాలు ఉన్నాయి.)

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని తేలికగా తీసుకోకండి. పద్దెనిమిదేళ్లు దాటిన పిల్లల డిపెండెంట్ వీసా పొడిగించేటప్పుడు, వారు తల్లిదండ్రులపై ఆధారపడి ఉన్నారా లేక స్వతంత్రంగా బతుకుతున్నారా అని వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసు చూస్తుంది. పూర్తికాలం చదువు కోసం హాస్టల్లో ఉండే బిడ్డకూ, వేరే ఊళ్లో గది అద్దెకు తీసుకుని సొంత జీతంతో గడిపే బిడ్డకూ ఇక్కడ తేడా వస్తుంది. అందువల్ల ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగల దూరంలోని కంపెనీలనే ముందుగా చూడటం మంచిది. వీసా గడువు కోర్సు మధ్యలో ముగిసే పక్షంలో, నియామక పత్రంపై సంతకం చేయడానికి ముందే వీసా సలహాదారులను నియంత్రించే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారునో, ఈ రంగంలోని సొలిసిటర్‌నో (న్యాయవాదినో) కలవండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటను నమ్మి పిల్లల భవిష్యత్తును నిర్ణయించవద్దు.

స్టూడెంట్ వీసాపై ఉన్న మన పిల్లలు కూడా తరచుగా ఇదే అడుగుతున్నారు. వారికి ఇది వర్తించదు. అప్రెంటిస్ వీసా అనే వీసా ఈ దేశంలో లేదు. ఉందని చెప్పి డబ్బు అడిగే కన్సల్టెన్సీ వరంగల్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా అది మోసమే. ఇక్కడ ఉన్న అర్హుల దగ్గరైనా శిక్షణ ఖర్చు పేరుతో కంపెనీ గాని, యూనివర్సిటీ గాని డబ్బు తీసుకోకూడదని నియమం ఉంది.

రోజులు ఎలా గడుస్తాయో తెలియాలంటే మా అక్క కొడుకు సంగతి చెబుతాను. సాఫ్ట్‌వేర్ విభాగంలో అప్రెంటిస్‌గా ఉన్న అతను సోమవారం నుంచి గురువారం దాకా తన టీమ్‌తో కలిసి పని చేస్తాడు, శుక్రవారం యూనివర్సిటీ పాఠాలకు హాజరవుతాడు. ఆ శుక్రవారానికి కూడా జీతం ఉంది, ఎందుకంటే చదువుకు కేటాయించే సమయం పనిగంటల్లో భాగంగానే ఉండాలి. ఏ వారం ఎన్ని గంటలు ఏం నేర్చుకున్నాడో ఆన్‌లైన్ లాగ్‌లో రాయాలి. రాయకుండా వదిలేస్తే ట్యూటర్ నుంచి ఈమెయిల్ వస్తుంది. కొన్ని వారాలకొకసారి అతనూ, మేనేజరూ, ట్యూటరూ కూర్చుని పురోగతి చూస్తారు. తోటి విద్యార్థులకు ఉండే వేసవి సెలవులు అతనికి లేవు, ఉద్యోగి సెలవులే. అసైన్‌మెంటు గడువు ఉన్న వారాంతాల్లో మా ఇంటికి భోజనానికి వచ్చినా ల్యాప్‌టాప్ పక్కనే ఉంటుంది. కాలేజీ జీవితం కావాలని గట్టిగా కోరుకునే పిల్లలను దీనిలోకి బలవంతంగా పంపవద్దు. మూడు నుంచి ఆరేళ్ల పాటు ఉద్యోగాన్నీ చదువునూ కలిపి మోయాలి. మధ్యలో ఉద్యోగం పోతే చదువు కూడా చిక్కులో పడుతుంది, కొత్త కంపెనీని వెతుక్కోవడానికి దొరికే వ్యవధి తక్కువే.

దరఖాస్తు విధానం కాలేజీ అడ్మిషన్ కన్నా ఉద్యోగ ప్రయత్నానికే దగ్గరగా ఉంటుంది. ప్రభుత్వం నడిపే ఫైండ్ యాన్ అప్రెంటిస్‌షిప్ సైటులోనూ, కంపెనీల సొంత సైట్లలోనూ ఖాళీలు వెలువడతాయి. చాలా పెద్ద కంపెనీలు ఇయర్ 13 (ఇంటర్ రెండో సంవత్సరంతో పోల్చదగిన తరగతి) మొదలైన శరదృతువులోనే తలుపులు తెరుస్తాయి; కొన్ని వసంతం దాకా ఆగుతాయి. ఎన్నిటికైనా దరఖాస్తు చేయవచ్చు, యూకాస్ అనే ఉమ్మడి అడ్మిషన్ల సంస్థ ద్వారా యూనివర్సిటీలకు చేసే దరఖాస్తును ఆపనక్కరలేదు. ఆన్‌లైన్ పరీక్ష, వీడియో ఇంటర్వ్యూ, ఆపై ఒక రోజంతా బృందచర్చలతో సాగే ఎంపిక ఉంటాయి. మార్కుల జాబితా బాగున్నా, నలుగురి మధ్య తన ఆలోచన చెప్పడం అలవాటు లేక వెనుకబడిన మన పిల్లలను నేను చూశాను. దానికి ఇప్పటి నుంచే సాధన చేయించండి. రక్షణ రంగ కంపెనీలు చాలా పదవులకు బ్రిటిష్ పౌరసత్వమో, భద్రతా తనిఖీయో అడుగుతాయి కాబట్టి ప్రకటనలో ఆ వాక్యాన్ని ముందు చదవాలి. పదో తరగతి తెలంగాణలోనే చదివి వచ్చిన పిల్లలైతే టెన్త్ మెమోకు విదేశీ చదువులను ఇక్కడి చదువులతో పోల్చి చెప్పే యూకే ఎనిక్ నుంచి సమానతా పత్రం తెప్పించి ఉంచుకోవాలి.

ఇప్పటికే బీటెక్ చేసి డిపెండెంట్‌గా వచ్చిన భార్యలు, భర్తలు కూడా, తమకున్న నైపుణ్యానికి భిన్నంగా కొత్తది నేర్చుకునే పక్షంలో బ్యాచిలర్స్ స్థాయి అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. మాస్టర్స్ స్థాయికి మాత్రం 2026 జనవరి నుంచి కొత్తగా చేరేవారిలో దాదాపుగా 22 ఏళ్లు నిండని వారికే ప్రభుత్వ నిధులు పరిమితమయ్యాయి.

చివరిగా, సంతకాల వేళ రెండు కాగితాలు ఉంటాయి: కంపెనీతో చేసుకునే అప్రెంటిస్‌షిప్ ఒప్పందం ఒకటి, యూనివర్సిటీ కూడా సంతకం చేసే శిక్షణ ప్రణాళిక ఇంకొకటి. ఆరో స్థాయి, అంటే బ్యాచిలర్స్ డిగ్రీతో సమానమైన స్థాయి, అప్రెంటిస్‌షిప్‌లలో కొన్నిటికి డిగ్రీ రాదు. అందుచేత రెండో కాగితంలో డిగ్రీ పేరు, దాన్ని ఇచ్చే యూనివర్సిటీ పేరు స్పష్టంగా రాసి ఉన్నాయో లేదో మీ అమ్మాయితో కలిసి మీరే చదివి చూసుకోండి. లేకపోతే సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.