1832కి ముందు స్కాట్లండ్ ఊళ్ళలో ఓటు ఎవరికుండేది, 1820లో గ్లాస్గో నేతవాళ్ళు ఎందుకు తిరగబడ్డారు?

ఎడిన్‌బరా ఎంపీని ఎన్నుకునేది టౌన్ కౌన్సిల్‌లోని 33 మందేనండి, ఊరి జనానికి ఓటే లేదు. గ్లాస్గో ఇంకా ఘోరం, అంత పెద్ద ఊరు, ఇంకో మూడు ఊళ్ళతో కలిపి ఒక్కడే ఎంపీ. కూలి పడిపోయి కడుపు కాలుతున్న నేతవాళ్ళు 1820 ఏప్రిల్‌లో హక్కుల కోసం పని ఆపమని గోడల మీద అంటించిన పోస్టర్లు చూసి మగ్గాలు ఆపేశారు, చుట్టుపక్కల మిగతా పనివాళ్ళతో కలిపి దాదాపు 60,000 మంది. "స్కాట్లండ్‌కి స్వేచ్ఛ, లేదంటే ఎడారి" అని రాసిన జెండా వెనక నడిచిన జేమ్స్ విల్సన్ అనే పెద్దాయన్ని ఆగస్టు 30న గ్లాస్గోలో ఉరి తీసి, ఆ తర్వాత తల కూడా నరికారు, ఇప్పుడు చదివినా కడుపు తరుక్కుపోతుంది. 1832 ఎన్నికల సంస్కరణ చట్టంతో స్కాట్లండ్ మొత్తం మీద ఓటర్లు సుమారు 4,500 నుంచి 65,000కి పెరిగారు, గ్లాస్గోకి ఇద్దరు ఎంపీలు వచ్చారు, కానీ ఊళ్ళలో ఏడాదికి 10 పౌండ్ల విలువ చేసే ఇల్లో షాపో ఉన్న మగవాళ్ళకే ఓటు కాబట్టి నేతవాళ్ళలో చాలామంది బయటే ఉండిపోయారు.