అబ్బాయి మార్పు కావాలంటాడు, ఆయన మనకెందుకంటారు

ప్రశ్న: నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా దేశంలో ఒకే పార్టీ పాలన. మావారు ప్రభుత్వోద్యోగి, రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్లుంది. మా అబ్బాయికి 24 ఏళ్లు. ఉద్యోగం చేసుకుంటూనే, ఎన్నికల్లో జరిగే అక్రమాలను ప్రశ్నించే బృందంలో చేరాడు. ‘మన బతుకేదో మనం బతుకుతున్నాం, నీకెందుకురా’ అంటారు ఆయన. ‘మీలాంటివాళ్లు నోరు మూసుకోబట్టే ఇలా ఉంది’ అంటాడు వాడు. మీటింగులకు వెళ్తున్న సంగతి నాన్నకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. మామూలు మనుషులు పట్టుబట్టి అడిగితే ఏమైనా మారుతుందా? వాణ్ణి ఆపమంటారా?

జవాబు: ఆపొద్దమ్మా. అయితే ఆ మాట మాత్రం వెనక్కి ఇచ్చేయండి. ‘నేనుగా చెప్పను, ఈ వారంలో నువ్వే చెప్పు. ఆ తర్వాత ఆయన అడిగితే అబద్ధమాడను’ అని వాడికి స్పష్టంగా చెప్పండి. రేపు ఆఫీసులో పైఅధికారి పిలిచి ‘మీవాడు ఏం చేస్తున్నాడో తెలుసా’ అని అడిగితే, ఆయన ఏ జవాబూ సిద్ధం చేసుకోకుండా నిలబడాల్సి వస్తుంది. కొడుకు చేసినదానికంటే మీరిద్దరూ కలిసి దాచారన్న బాధే ఎక్కువ కాలం ఉంటుంది.

ఇక పట్టుబట్టి అడిగితే మారుతుందా అన్నది. ఒక పార్టీ చాలాకాలం పాలించిందంటేనే అన్యాయం జరిగిందని అర్థం కాదు. జపాన్‌లో లిబరల్ డెమొక్రటిక్ పార్టీ 1955 నుంచి 1993 దాకా ఓట్లతోనే అధికారంలో ఉంది. చూడాల్సింది వేరు. జనం వద్దనుకుంటే ఆ పార్టీని దించగలరా? ఓటర్ల జాబితా, లెక్కింపు, కోర్టు, పత్రిక ఆ పార్టీ చేతిలో లేకుండా ఉన్నాయా? అలా స్వతంత్రంగా ఉంటే మీవాడు చేయాల్సింది మామూలు ప్రచారమే. లేకపోతే ముందు ఆ నాలుగింటి కోసం అడగాలి. ఏ పార్టీ గెలవాలన్నది ఆ తర్వాతి మాట.

దించడం అసాధ్యమనుకున్న పార్టీలు దిగిపోయిన దేశాలున్నాయి. మెక్సికోలో 71 ఏళ్ల పాలన 2000లో ముగిసింది. మలేషియాలో స్వాతంత్ర్యం నుంచీ పాలించిన కూటమి 2018లో ఓడింది. బోట్స్వానాలో 1966 నుంచి ఉన్న పార్టీ 2024లో దిగిపోయింది. వీటిలో మెక్సికో దారి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అక్కడ 1990లో ఎన్నికల సంస్థ ఏర్పడింది, 1996లో దాన్ని ప్రభుత్వం అదుపు నుంచి తప్పించారు, 1997లో పాలక పార్టీ దిగువసభలో మెజారిటీ కోల్పోయింది, మరో మూడేళ్లకు అధ్యక్ష పదవీ పోయింది. ఆటగాణ్ణి మార్చడానికి ముందే రిఫరీని మార్చుకున్నారు.

ఎక్కడ చెడుతుందో కూడా అబ్బాయికి తెలియాలి. కెన్యాలో 1992లో ప్రతిపక్షాలు విడివిడిగా పోటీచేస్తే సుమారు 36 శాతం ఓట్లతోనే అప్పటి అధ్యక్షుడు మోయ్ మళ్లీ గెలిచారు. 1997లోనూ అదే కథ. 2002లో ప్రతిపక్షాలు ఒకే అభ్యర్థి వెనక నిలిస్తే, స్వాతంత్ర్యం నుంచీ ఉన్న పార్టీ ఓడింది. అయినా లెక్కింపు మీద నమ్మకం కుదరలేదు. 2007 ఎన్నికల తర్వాత చెలరేగిన హింసలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందుకే ‘వాళ్లు దిగితే చాలు’ అనే బృందం నాకు సగం బృందంగానే కనిపిస్తుంది.

నిజంగా ఫలితమిచ్చే పని విసుగ్గా ఉంటుంది. ఒక్క పోలింగ్ కేంద్రం జాబితా తీసుకుని ఇంటింటికీ తిరగాలి. చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, పేరు గల్లంతైనవాళ్లు ఎవరో విడివిడిగా రాసుకుని, గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. గడువు దాటాక ఎంత అరిచినా చేయగలిగేది తక్కువ. లెక్కింపు రోజున ప్రతి కేంద్రంలోనూ సంతకాలైన ఫలితాల పత్రం నకలు గానీ, చట్టం ఒప్పుకుంటే ఫొటో గానీ సంపాదించి, వేరేచోట ఆ అంకెలన్నీ కూడి చూడాలి. అన్ని కేంద్రాలకూ మనుషులు చాలకపోతే చీటీలు తీసినట్టు కొన్నింటిని ఎంచుకోవాలి. కార్యకర్తలు ఉన్నచోట్లే లెక్క తీసి దేశమంతా ఇదేనంటే ఆ లెక్క తప్పుతుంది, తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. చిలీలో 1988 అక్టోబరు 5న సైనిక నియంత పినోషె పాలన కొనసాగింపును సుమారు 56 శాతం మంది తిరస్కరించారు. ఆ రాత్రి ప్రతిపక్షం దగ్గర సొంత లెక్క ఉండటంతో ఫలితాన్ని మరుగుపరచడం కష్టమైంది.

హింస విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను పరిశీలిస్తే, అహింసాయుతమైనవి 53 శాతం గెలిచాయి, ఆయుధం పట్టినవి 26 శాతమే. రాయి పడిందంటే ఇంట్లో పెద్దలు, పిల్లలున్నవాళ్లు వెనక్కి తగ్గుతారు. పాలకపక్షంలో ఊగిసలాడే అధికారి కూడా తనవాళ్ల వైపే నిలబడిపోతాడు.

మీవారి భయాన్ని పిరికితనంగా చూడొద్దని అబ్బాయికి చెప్పండి. ఆ వ్యవస్థ ఎవరిని ఎలా ఇబ్బంది పెడుతుందో ఆయన దగ్గర్నుంచి చూశారు. భోజనాల దగ్గర కాకుండా, సెలవు రోజున ఒక గంట పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. సరైన పార్టీ ఏదన్న చర్చ ఆ గంటలో వద్దు. ‘నీకు ఏం జరుగుతుందని భయం?’ అని ఒకరినొకరు అడగండి. ఆయన తన సర్వీసు నిబంధనలు తెచ్చి, కుటుంబ సభ్యుల రాజకీయాల గురించి అందులో నిజంగా ఏం రాసి ఉందో చదవాలి. చాలా ఇళ్లలో రాసి ఉన్నదాని కంటే విన్నదాని వల్లే భయం పెరుగుతుంది. ఆంక్ష నిజంగానే ఉంటే, అబ్బాయి ఇంటి చిరునామా, నాన్న ఫోన్, నాన్న వాహనం ఆ పనికి వాడకూడదు.

జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. మూడు నెలల ఇంటి ఖర్చు అబ్బాయి పేరుతో కాకుండా మీ పేరున విడిగా ఉండాలి. ఒక వకీలు నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి, ఫోన్ లాక్కుంటే అందులోని నంబర్లు పనికిరావు. మీటింగుకు వెళ్లినప్పుడు ఎన్ని గంటలకు ఫోన్ చేస్తాడో ముందే చెప్పాలి. ఆ వేళ దాటి గంటైనా కబురు లేకపోతే మీరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఉండాలి. ఎవరు అడిగినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, తనది కాని మాటను తనదని ఒప్పుకోవద్దు.

ఆరు నెలలకోసారి మళ్లీ కూర్చుని, ఆ బృందం ఎటు పోతోందో వాడినే చెప్పమనండి. విరాళాల లెక్క అడిగితే చూపకపోయినా, తెలిసి తెలిసి తప్పుడు వార్త పంచమన్నా, కర్ర పట్టమన్నా, ఇంట్లో అబద్ధం చెప్పమన్నా ఆ రోజే బయటికి రావాలి. ఈ నాలుగు షరతులకూ వాడు ఒప్పుకుంటే, మీవారు ఒప్పుకోకపోయినా మీరు వాడి పక్కన నిలబడండి.