‘యాజ్ ఈజ్’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. 1969 చెవ్రోలే సి-10 పికప్ ట్రక్కును కొన్నేళ్లపాటు ఓపిగ్గా బాగు చేయించాను. పాత ఇంజిన్ తీయించి 430 హార్స్‌పవర్ కొత్త ఇంజిన్ పెట్టించాను. క్యాబిన్ తుప్పు పట్టిపోతే వేరే బండిది తెచ్చి బిగించారు. ఇప్పుడు ‘430 హార్స్‌పవర్, సరికొత్త బండిలా ఉంది, యాజ్ ఈజ్’ అని ప్రకటన ఇచ్చాను. ముగ్గురు అడిగారు. రేపు ఏదైనా తేడా వస్తే ‘యాజ్ ఈజ్’ అన్న మాట నన్ను కాపాడుతుందా?

జవాబు: కొంతవరకే. ‘యాజ్ ఈజ్’ అంటే ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని కొనేవాళ్లు ఒప్పుకోవడం. ఎవరూ రాయకపోయినా చట్టం తనంతట తాను కలిపే హామీలను అది తీసేస్తుంది. మీరే స్వయంగా ఇచ్చిన హామీని మాత్రం తీసేయలేదు. మీ ప్రకటనలో అలాంటి హామీ ఒకటి ఉంది: 430 హార్స్‌పవర్.

‘గ్యారంటీ’ అన్న మాట మీరు వాడలేదు, నిజమే. టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ సెక్షన్ 2.313కి ఆ మాటతో పనిలేదు. వస్తువు గురించి అమ్మేవాళ్లు చెప్పిన విషయం బేరానికి ఆధారమైతే చాలు, అదే హామీ. ‘చూడముచ్చటైన బండి’ అంటే మీ అభిప్రాయం. 430 అంటే కొలిచి తేల్చగల అంకె. అది బహుశా ఇంజిన్‌తో వచ్చిన కాగితాల్లోది అయివుంటుంది, అంటే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ శక్తి బయటికొచ్చే ఇరుసు) దగ్గరి శక్తి. గేర్‌బాక్స్, యాక్సిల్ దాటి చక్రాలకు చేరేసరికి అందులో కొంత పోతుంది. కొన్నాయన డైనో (చక్రాల దగ్గర శక్తిని కొలిచే యంత్రం) మీద పెట్టి చూస్తే తక్కువే కనిపిస్తుంది, మోసపోయానని అనుకుంటాడు. పైగా 1969 నాటి అసలు ఇంజిన్ల అంకెలు గ్రాస్ లెక్కవి, అంటే సైలెన్సర్ లాంటి అనుబంధ భాగాలు లేకుండా ఇంజిన్‌ను ఒక్కదాన్నే కొలిచినవి. అవన్నీ బిగించి కొలిచే నెట్ లెక్కకు అమెరికన్ కంపెనీలు మారింది 1972 మోడళ్లతో. ఈ రెంటినీ కలిపి పోల్చడంతోనే చాలా గొడవలు మొదలవుతాయి. ‘430 అన్నది ఇంజిన్ తయారీదారు ఇచ్చిన అంకె, చక్రాల దగ్గర కొలిపించలేదు’ అని రాయండి.

నాకు అంతకన్నా భయం ‘సరికొత్త బండిలా ఉంది’ అన్న మాటతో. వ్యాపారి కాని ఒక మామూలు మనిషి తన పాత పడవను అమ్ముతూ దాదాపు ఇదే మాట అన్నాడు. పగిలిన గేర్ పెట్టెకు మరమ్మతు సరిగా జరగలేదని ఆ తర్వాత బయటపడింది. అతను అబద్ధమని తెలిసి చెప్పలేదు. అయినా 1980లో టెక్సస్ సుప్రీంకోర్టు మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం అతనికీ వర్తిస్తుందని తీర్పిచ్చింది. అదే తెలిసి చెప్పినట్టు తేలితే, ఇప్పటి చట్టం ప్రకారం ఆర్థిక నష్టానికి మూడింతల దాకా వేయవచ్చు. 1995లో ఒక భవనం కేసులో ఇదే కోర్టు ‘యాజ్ ఈజ్’ షరతును గట్టిగా నిలబెట్టింది. అయితే తెలిసిన లోపాన్ని దాచి కొనిపిస్తే ఆ షరతు చెల్లదని కూడా అందులోనే చెప్పింది. కాబట్టి ఆ మాట తీసేసి, దాని చోట ఏయే భాగాలు మార్చారో, ఏవి పాతవో రాయండి. ముఖ్యంగా బ్రేకులు. 1969 సి-10కి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అవి అలాగే ఉంటే, అంత శక్తికి అవి చాలవేమోనన్న సంగతి కొనేవాళ్లకు ముందే తెలియాలి. ఇది కేవలం కోర్టు సంగతి కాదు, మనిషి ప్రాణం సంగతి.

ఇక క్యాబిన్. ఈ ట్రక్కుల్లో విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) పలక డ్రైవర్ తలుపు పక్క స్తంభానికి రివెట్లతో ఉంటుంది. అంటే క్యాబిన్ మారితే నంబరు కూడా మారిపోయి ఉండొచ్చు, లేదా పనివాళ్లు పాత పలకను ఊడదీసి కొత్తదానికి బిగించి ఉండొచ్చు. తెలిసి విన్ పలకను తీయడం, మార్చడం ఫెడరల్ నేరం, శిక్ష ఐదేళ్ల దాకా ఉంది. మరమ్మతుకు తప్పనిసరైతే మినహాయింపు ఉంది గానీ, దాన్ని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఈరోజే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీది నంబరు, పలక మీది నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. నంబరు పొట్టిగా ఉందని కంగారు పడకండి, 17 అక్షరాల విన్ 1981 నుంచే. రెండూ కలవకపోతే అమ్మకం ఆపి, ముందు స్థానిక న్యాయవాదికి చూపించండి. రివెట్లు మాత్రం ముట్టుకోవద్దు.

ఇంత పాత బండికి ఫెడరల్ ఓడోమీటర్ ప్రకటన (ఎన్ని మైళ్లు నడిచిందో రాసిచ్చే పత్రం) అక్కర్లేదు. అలాగని మైళ్లు ఊహించి చెప్పకండి, ఐదు అంకెల మీటరు ఎన్నిసార్లు నిండి మళ్లీ సున్నాకు వచ్చిందో ఎవరికి తెలుసు?

టెస్ట్ డ్రైవ్ ఇచ్చేముందు వచ్చినాయన లైసెన్సు చూడండి, మీ ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి. క్లాసిక్ బండ్ల పాలసీల్లో ఎవరు నడపాలన్న ఆంక్షలుంటాయి. క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పూచీ మీద రాసిచ్చే చెక్కు) ఇస్తానంటే ఆయన బ్యాంకుకే వెళ్లి, మీ కళ్లముందే రాయించుకోండి. దొంగ చెక్కు సొమ్ము మీ ఖాతాలో కనిపించినా, తర్వాత బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది. టైటిల్, 130-యు ఫారం (టైటిల్ మార్పు దరఖాస్తు) సంతకాలయ్యాక 30 రోజుల్లోగా రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు వాహన బదిలీ నోటీసు వేయండి. ఆ తర్వాత బండి ఎక్కడ ఏ ప్రమాదం చేసినా, కొన్నవాళ్లే యజమాని అని చట్టం మొదట భావిస్తుంది.

పాత ప్రకటనను ఊరికే తీసేస్తే సరిపోదు, ఆ ముగ్గురూ దాన్ని చూసే ఫోన్ చేశారు కదా. సవరించిన వివరాలను ఒక్కొక్కరికీ మెసేజ్‌లో పంపండి. కొనేవాళ్లతో అదే పాఠాన్ని అమ్మకపు పత్రంలో రాయించి సంతకం తీసుకోండి, మీ ప్రతి దాచుకోండి. ఇలాంటి దావాకు హామీ ఉల్లంఘన కింద నాలుగేళ్ల గడువుంది.