ఇంజిన్ శబ్దం పెరుగుతున్నా ‘మామూలే’ అని పంపేస్తుంటే ఏం చేయాలి?

మీ కారుకు రెండేళ్లు దాటాయని, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్‌లో వచ్చే శబ్దం నెలనెలా పెరుగుతోందని, సర్వీస్ సెంటర్‌లో ‘అది మామూలే సార్’ అంటున్నారని, కంపెనీ కస్టమర్ కేర్ మీ ఫిర్యాదును రెండు రోజుల్లో మూసేస్తోందని రాశారు. విజయవాడలో నేనూ పది నెలల పాటు సరిగ్గా ఇదే అవస్థ పడ్డాను.

నాది పెట్రోలు బండి. ఉదయం సెల్లార్‌లో తాళం తిప్పగానే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమనేది. మొదట్లో రెండు సెకన్లకు ఆగిపోయేది. నాలుగు నెలలకు ఆరేడు సెకన్లయింది. ఆ తర్వాత బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కినా వినిపించసాగింది.

సర్వీస్ సెంటర్ మా ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కేది, శబ్దం ఉండేది కాదు. బానెట్ ఎత్తి, చెవి పెట్టి, ‘ఏమీ లేదు సార్’ అనేవారు. నా బండిలో లోపం టైమింగ్ చైన్‌ది, అంటే ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు సరైన సమయానికి కదిలేలా కలిపి ఉంచే గొలుసుది. చాలా ఇంజిన్లలో ఆ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆ ప్రెషర్ ఉండదు కాబట్టి, అరిగిన టెన్షనరయితే ఆయిల్ మళ్లీ ఎక్కేదాకా చైన్ వదులై కొట్టుకుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే చైన్ పళ్లు తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోవచ్చు. మీదీ అదేనని చూడకుండా చెప్పలేను కానీ, చల్లటి ఇంజిన్‌లోనే ఎక్కువగా వస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి.

కస్టమర్ కేర్ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. డీలర్ ‘కంపెనీ అనుమతి రావాలి’ అంటాడు, కంపెనీ ‘డీలర్ రిపోర్టు రావాలి’ అంటుంది. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త ఫిర్యాదు నంబరు, మళ్లీ మొదటి నుంచి అదే కథ. ఒకరోజు వర్క్‌షాప్‌లో నిలబడి ఉండగానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. నాలుగోసారి మాట్లాడిన ఆయన ‘మీ రికార్డులో ఇంజిన్ శబ్దం గురించి ఒక్క ఫిర్యాదూ లేదు’ అన్నారు. ఇంటికొచ్చి పాత జాబ్‌కార్డులు (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసి సర్వీస్ సెంటర్ సంతకం తీసుకునే కాగితాలు) తీసి చూశాను. మూడింటిలోనూ ఫిర్యాదు గడిలో ‘జనరల్ చెకప్’ అని ఉంది. నేను నోటితో చెప్పింది ఒక్క ముక్క కూడా రాయలేదు. కింద నా సంతకం ఉంది.

అందుకే మీరు ముందుగా చేయవలసిన పని ఇది. ఈసారి జాబ్‌కార్డులో మీ మాటల్లోనే రాయించండి: ‘రాత్రంతా ఆపి ఉదయం స్టార్ట్ చేస్తే ఏడు సెకన్ల పాటు ఇంజిన్ నుంచి గలగల శబ్దం’. అలా రాసేదాకా సంతకం పెట్టకండి. బండిని రాత్రి అక్కడే వదిలి, మీరు వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయవద్దని చెప్పండి. నేను అలాగే చేశాను. ఉదయం సర్వీస్ మేనేజర్‌ను, సీనియర్ మెకానిక్‌ను పక్కన నిలబెట్టి తాళం తిప్పాను. రెండో సెకన్‌లోనే ఆ మెకానిక్ చెయ్యి ఎత్తి ‘చైన్’ అన్నాడు. చైన్, టెన్షనర్, చైన్‌ను దారిలో ఉంచే గైడ్లు అన్నీ వారంటీలోనే మార్చారు. అప్పటికి వారంటీ ముగియడానికి ఐదు వారాలే మిగిలింది.

ఇంట్లో నాలుగైదు రోజులు ఉదయం పూట వీడియోలు తీయండి. కిలోమీటర్ల రీడింగు కూడా కనబడాలి. వాటిని జాబ్‌కార్డు నకలుతో కలిపి కంపెనీకి ఈమెయిల్‌లో పంపండి, ఫోనులో మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ఆయిల్ మార్చిన బిల్లులు దగ్గర పెట్టుకోండి, తప్పు మీ మీదికి నెట్టడానికి మొదట అడిగేది అవే.

అప్పటికీ కదలకపోతే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. కారుకు చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400 రూపాయలు. కేసుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు. నాకు అంతదూరం వెళ్లే అవసరం రాలేదు.

ఈలోగా ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం చూసుకోండి. నడుపుతుండగా ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే మాత్రం పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. అక్కడి నుంచి సర్వీస్ సెంటర్ ఒక్క కిలోమీటరే అయినా నడపకుండా టోయింగ్ బండిని పిలవండి.