ప్రపొజిషన్లకే ఓటేశాను, పౌరసత్వానికి అడ్డొస్తుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయవాడ. మావారి ఉద్యోగం మీద 2008లో అమెరికా వచ్చాం, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. 2020లో గ్రీన్ కార్డు వచ్చింది. 2022 వేసవిలో డ్రైవింగ్ లైసెన్సు రెన్యూ చేయించుకున్నప్పుడు కౌంటర్లో గ్రీన్ కార్డే చూపించాను. తెర మీద చాలా ప్రశ్నలొచ్చాయి, సంతకం పెట్టాను. పౌరురాలినని నొక్కినట్టు మాత్రం గుర్తు లేదు. అక్టోబరులో నా పేరు మీద బ్యాలెట్ ఇంటికి వచ్చింది. పదవులకు ఓటెయ్యడం పౌరుల హక్కు కదా అని అవన్నీ ఖాళీగా వదిలేసి, ప్రపొజిషన్లకు, అంటే ఓటర్లే నేరుగా అవునో కాదో తేల్చే రాష్ట్ర చట్ట ప్రతిపాదనలకు మాత్రం గుర్తులు పెట్టి పోస్టు చేశాను. రాష్ట్ర చట్టాల మీద మా అభిప్రాయం అడుగుతున్నారనుకున్నాను. 2024లో వచ్చిన బ్యాలెట్ తెరవలేదు. ఇప్పుడు పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 నింపుతుంటే, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అన్న ప్రశ్నల దగ్గర చెయ్యి ఆగిపోయింది. తెలిసినవాళ్ళు ‘లేదు’ అని పెట్టెయ్యమంటున్నారు. దసరాకి అమ్మ దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాను. నవంబరులో మళ్ళీ మధ్యంతర ఎన్నికలు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ఆ ప్రశ్నలకు ‘లేదు’ అని మాత్రం రాయకండి. ఎన్-400 మీద సంతకమంటే అందులో ఉన్నదంతా నిజమని చట్టం ముందు ఒప్పుకోవడం. ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి అదే మళ్ళీ చెప్పాలి. మీ పేరు ఎప్పుడు నమోదైందో, ఏ ఎన్నికలో మీ బ్యాలెట్ తిరిగి వచ్చిందో కౌంటీ రికార్డుల్లో ఉంటుంది. 2022 నాటి పొరపాటుకు వివరణ చెప్పుకునే దారి ఉంది. ఇప్పుడు తెలిసి అబద్ధం రాస్తే ఆ దారిని మీ చేత్తో మీరే మూసుకుంటారు. అక్రమంగా పౌరసత్వం సంపాదించడం ఫెడరల్ నేర చట్టం, అంటే టైటిల్ 18లోని సెక్షన్ 1425 కింద నేరం, పదేళ్ళ దాకా జైలు పడొచ్చు. వచ్చిన పౌరసత్వాన్ని ఎన్నేళ్ళ తర్వాతైనా రద్దు చెయ్యొచ్చు.

ఇక ప్రపొజిషన్ల సంగతి. మన దగ్గర మధ్యంతరమంటే సభ గడువుకు ముందే రద్దయి వచ్చే ఎన్నికలు. ఇక్కడ అవి అధ్యక్షుడి నాలుగేళ్ళ గడువు మధ్యలో, క్యాలెండరు ప్రకారం వస్తాయి. 2022 నవంబరు 8న మీ బ్యాలెట్‌లో గవర్నరు, ఇతర రాష్ట్ర పదవులు, అమెరికా సెనేటు, మీ నియోజకవర్గపు ప్రతినిధుల సభ స్థానం, 1వ నంబరు, 26 నుంచి 31 దాకా ఏడు ప్రపొజిషన్లు అన్నీ కలిపే ఉన్నాయి. చిక్కంతా ఈ ‘కలిపి’ దగ్గరే. అదే టైటిల్ 18లోని సెక్షన్ 611 ప్రకారం, కొంత భాగమైనా సెనేటు, ప్రతినిధుల సభల కోసం జరిగే ఎన్నికలో పౌరులు కానివాళ్ళు ఓటెయ్యకూడదు. ఏ గడి నింపారు, ఏది వదిలేశారు అన్నది చట్టం అడగదు. శిక్ష జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ. పైగా మీరు ప్రపొజిషన్లకే ఓటేశారని రుజువు చెయ్యడం కూడా కుదరదు. కవరు మీద సంతకం సరిచూశాక లోపలి బ్యాలెట్‌ను విడదీస్తారు. ఆ తర్వాత ఏ బ్యాలెట్ ఎవరిదో చెప్పగలిగేవారుండరు. రికార్డులో మిగిలేది మీరు ఓటేశారన్న ఒక్క మాటే.

ప్రపొజిషన్లు విడిగా జరిగినా మీకు హక్కు ఉండేది కాదు. ఓటెయ్యడానికో, నమోదుకో పౌరుణ్ణని తెలిసి అబద్ధం చెప్పడాన్ని నేరం చేసిన సెక్షన్ 1015(ఎఫ్)లో ప్రజా ప్రతిపాదనలు, రీకాల్ (పదవిలో ఉన్నవారిని ఓటుతో దించడం), రెఫరెండం అని పేర్లు పెట్టి మరీ రాశారు. ఇమిగ్రేషన్ చట్టం 237(ఎ)(6) అయితే ఫెడరల్, రాష్ట్ర, స్థానిక చట్టాల్లో దేనికి విరుద్ధంగా ఓటేసినా దేశం నుంచి పంపెయ్యొచ్చంటుంది. దానికి కోర్టులో శిక్ష పడి ఉండనక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లల తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా స్కూలు బోర్డుకు ఓటెయ్యొచ్చు. 2016లో ఆ నగర ఓటర్లు ఆమోదించిన ఏర్పాటది. అక్కడ నమోదు ఫారం వేరు, బ్యాలెట్ వేరు, అందులో స్కూలు బోర్డు తప్ప మరేమీ ఉండదు. ఆ వార్త ఎవరో చెప్పగా విని ఫ్రీమాంట్‌లో వచ్చిన బ్యాలెట్ నింపితే రక్షణ ఉండదు.

మీకు కలిసొచ్చే విషయాలు కూడా గట్టివే. డ్రైవింగ్ లైసెన్సు పనితోపాటే ఓటరు నమోదు జరిగే పద్ధతి కాలిఫోర్నియాలో 2018 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ దారిలో అర్హత లేనివాళ్ళ పేర్లు ఎక్కే ప్రమాదం శాసనసభకు ముందే తెలుసు. అందుకే ఎన్నికల కోడ్‌లో 2268, 2269 సెక్షన్లు పెట్టింది. మీరు కావాలని తప్పుడు నమోదు చేయించుకోకపోతే అది అధికారుల అనుమతితో జరిగిందనే భావిస్తారు. తర్వాత ఓటేసినా, హక్కు లేదని తెలిసి వేస్తే తప్ప మోసపు ఓటు నేరం, అంటే సెక్షన్ 18560, మీకు అంటదు. కాలిఫోర్నియా తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు పరిధిలోది. 2005లో మెక్‌డొనాల్డ్ వర్సెస్ గొంజాలెస్ కేసులో ఆ కోర్టు, హవాయి చట్టంలో ‘తెలిసి’ అన్న మాట ఉంది కాబట్టి, హక్కు లేదని తెలియక ఓటేసినామెను ఆ చట్టం ఆధారంగా పంపెయ్యడం కుదరదంది.

అయితే సెక్షన్ 611లో ‘తెలిసి’ అన్న మాట లేదు. 2017లో ఏడో సర్క్యూట్, ఫిట్జ్‌ప్యాట్రిక్ వర్సెస్ సెషన్స్ కేసులో, లైసెన్సు ఆఫీసులో గ్రీన్ కార్డు చూపించి కూడా పౌరురాలినన్న గడిలో టిక్ పెట్టి ఓటేసిన ఇల్లినాయిస్ మహిళను పంపెయ్యడం సబబేనంది. గుమస్తా వద్దనకపోవడం అనుమతి కిందికి రాదని తేల్చింది. కాబట్టి మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: 2022లో ఆ తెర మీద పౌరసత్వం దగ్గర ఏ జవాబు నమోదైంది? ‘అవును’ అని ఉంటే పౌరురాలినని అబద్ధం చెప్పారన్న ఆరోపణ కూడా తోడవుతుంది, అది ఓటు కన్నా బరువైనది. జవాబే లేకపోయినా, ‘కాదు’ అని ఉన్నా మీ స్థానం చాలా బలపడుతుంది. జ్ఞాపకాన్ని నమ్ముకుని ఎవరికీ ఏమీ చెప్పకండి. కాగితం చూశాకే మాట్లాడాలి.

ఆ కాగితాలు ఇమిగ్రేషన్ కోర్టులో వాదించే లాయరు ద్వారా తెప్పించుకోండి. ఫారాలు నింపిపెట్టే నోటరీ దగ్గరో, ట్యాక్సు కన్సల్టెంటు దగ్గరో ఈ కథ చెప్పకండి. లాయరుకు చెప్పింది గోప్యం, వాళ్ళకు చెప్పింది కాదు. మూడు చోట్ల నుంచి తెప్పించాలి: కౌంటీ ఎన్నికల రిజిస్ట్రార్ నుంచి మీ నమోదు పత్రం నకలు, మీ ఓటింగ్ చరిత్ర; లైసెన్సులిచ్చే డీఎంవీ నుంచి మీరిచ్చిన జవాబులతో సహా 2022 దరఖాస్తు నకలు; ఇమిగ్రేషన్ శాఖ నుంచి సమాచార హక్కు కింద మీ ఏ-ఫైలు, అంటే ఆ శాఖ దగ్గర మీ పేరు మీదున్న ఫైలు. ఏ-ఫైలుకు నెలలు పట్టొచ్చు, దాని దరఖాస్తు ముందు పంపండి.

తర్వాత ఓటరు జాబితాలోంచి పేరు తీయించాలి. సంతకం చేసిన ఉత్తరం కౌంటీకి పంపితే చాలు: పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నా ఓటరు నమోదు రద్దు చెయ్యండి అన్న ఒక్క వాక్యం. ఇక్కడే చాలామంది తొందరపడి మొత్తం కథ రాసి క్షమాపణ చెబుతారు. ఆ ఉత్తరం ఫైల్లో చేరి రేపు మీ మీదే సాక్ష్యమవుతుంది. లాయరు చూశాకే పంపండి. రద్దయినట్టు జవాబు వస్తే జాగ్రత్త చెయ్యండి. 2024 నాటి తెరవని కవరు ఇంకా ఉంటే అలాగే ఉంచండి, తప్పు తెలిశాక మళ్ళీ ఓటెయ్యలేదనడానికి పనికొస్తుంది.

ఎన్-400 ఇప్పుడే వెయ్యొద్దన్నది నా సలహా. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలన్న నిర్బంధమేమీ లేదు. గ్రీన్ కార్డు పదేళ్ళకోసారి రెన్యూ చేయించుకుంటూ ఉండొచ్చు. మంచి నడవడిక చూసే గడువు దరఖాస్తుకు ముందు ఐదేళ్ళు (పౌరుడైన భర్తతో మూడేళ్ళుగా ఉన్నారన్న లెక్కన వేస్తే మూడేళ్ళు), అంటే మీ 2022 ఓటు 2027 నవంబరు దాకా ఆ ఐదేళ్ళలోనే ఉంటుంది. సెక్షన్ 611 కింద క్రిమినల్ కేసు పెట్టడానికి మామూలు గడువూ ఐదేళ్ళే. అధికారి అంతకు ముందు సంగతులు కూడా అడగొచ్చు, దేశం నుంచి పంపే విచారణకైతే కాలపరిమితే లేదు. అయినా కాగితాలు చేతికొచ్చాక, ఆ తేదీ దాటాక వేస్తే బరువు తగ్గుతుంది. ఎప్పుడు వేసినా నమోదుకూ, ఓటుకూ ‘అవును’ అనే రాసి, లాయరు వివరణ, నకళ్ళు జతచెయ్యాలి. దరఖాస్తు తిరస్కరించి ఊరుకోకుండా ఇమిగ్రేషన్ కోర్టుకు పిలిచినా, ఐదేళ్ళ గ్రీన్ కార్డు, చట్టబద్ధంగా వచ్చాక ఏడేళ్ళ నివాసం ఉండి పెద్ద నేరాలేవీ లేనివారికి జడ్జి దయతలచి బహిష్కరణ రద్దు చేసే అధికారం ఉంది. మీకు ఆ రెండు లెక్కలూ సరిపోతున్నాయి.

దసరా ప్రయాణం ఈసారికి మానుకోండి. తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఈ ప్రశ్న ఎదురైతే, లాయరు పక్కన లేకుండా, ప్రయాణపు అలసటలో, ప్రమాణం మీద జవాబు చెప్పాల్సి వస్తుంది. అమ్మగారి బాధ నాకు తెలుసు, కానీ కాగితాలు రాకముందు వెళ్ళొద్దు.

ఈ నవంబరులో బ్యాలెట్ వస్తే నింపకండి. ఇంకొకటి, ఇప్పటిదాకా మీకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. సూపర్‌మార్కెట్ బయట క్లిప్‌బోర్డుతో నిలబడి సంతకాలు అడుగుతారు చూడండి, అవి ప్రపొజిషన్లను బ్యాలెట్ మీదికి తెచ్చే పిటిషన్లు. 2026లో కొత్త చట్టానికి 5,46,651, రాజ్యాంగ సవరణకు 8,74,641 సరైన సంతకాలు కావాలి, అందుకే ప్రతివాళ్ళనూ ఆపి అడుగుతారు. అర్హత ఉన్న ఓటర్లే సంతకం చెయ్యాలి. మీ అత్తమామలు గానీ, అమ్మానాన్నలు గానీ గ్రీన్ కార్డు మీద వచ్చి ఉంటే వాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి. వాళ్ళ లైసెన్సు పనికి డీఎంవీకి ఎవరైనా తోడు వెళ్ళి, తెర మీద పౌరసత్వం ప్రశ్న వచ్చినప్పుడు చదివి వినిపించి, ఆ జవాబును వాళ్ళ చేతే నొక్కించండి.